ఎడమ చక్రం నట్టు

చెవిలో గోరువెచ్చని కొబ్బరినూనె చుక్క వేసుకుని, తల ఒక పక్కకి వాల్చి, గడప ముందు మెట్టు మీద కూర్చున్నాడు చిదంబరం. డ్యూటీ ఉన్నా లేకపోయినా పొద్దున్నే ఆయన చేసే మొదటి పని ఇదే. నాచారంలో గ్రైండింగ్ మిషను ముందు నిలబడి బతికేవాడి చెవుల్లోకి ఇనుప రజను చేరుతుందనీ, నూనె దాన్ని నానబెట్టి బయటికి తెస్తుందనీ ఆయన నమ్మకం. ఇన్నేళ్లలో రజను బయటికి వచ్చిందీ లేదు, తగ్గిన వినికిడి తిరిగి వచ్చిందీ లేదు. ఆ నూనేదో తలకి రాసుకుని ఉంటే నాలుగు వెంట్రుకలైనా మిగిలేవని ఆయన భార్య సూర్యకళ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది, రోజూ నూనె వెచ్చబెట్టి ఇస్తూనే ఉంటుంది.

ఆ వేళ డ్యూటీ లేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, బడులు తెరవడం లేదు. పైగా ఆ రోజు బంద్. ఉప్పల్ రింగురోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేస్తామని ముందురోజే మైకులో చెప్పి వెళ్లారు. కంపెనీవాళ్లు తెలివిగా సెలవిచ్చేసి, బదులుగా ఆదివారం రమ్మన్నారు.

చిలకానగర్‌లో మల్లవ్వ ఇంటి వెనకవాటాలో చిదంబరం దంపతులు అద్దెకుంటున్నారు. తుని దగ్గరి పల్లెనుంచి వచ్చి ఆ వాటాలో దిగిన నాటికి మల్లవ్వ జుట్టు నల్లగా ఉండేది. ఇల్లు మారాలని ఆయనకు తోచలేదు, ఖాళీ చెయ్యమని ఆమె అనలేదు. ముందువాటాలో మల్లవ్వ, ఆమె కొడుకు ఐలయ్య, కోడలు ఉంటారు. ఐలయ్యకు ఒక పాత స్కూలు వ్యాను ఉంది. బడులు మూతపడ్డాక దాంట్లోనే కంపెనీల జనాన్ని నాచారం చేరవేస్తున్నాడు. చిదంబరాన్ని మాత్రం ఎంత రద్దీ ఉన్నా ముందుసీట్లో కూర్చోబెట్టుకుంటాడు.

చెవి తుడుచుకుని చిదంబరం ముందు వాకిట్లోకి వచ్చేసరికి, వ్యాను ముందుభాగం జాకీ మీద లేచి ఉంది. దాని కింద గోనెసంచి పరుచుకుని ఐలయ్య వెల్లకిలా పడుకున్నాడు. పైన డ్రైవరు సీట్లో మల్లవ్వ కూర్చుని ఉంది. తలస్నానం చేసి, అంచు వెడల్పుగా ఉన్న ఆకుపచ్చ చీర కట్టుకుని, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని, బండి కదలడమే తరువాయి అన్నట్టు ఎదురుగా గేటువైపు చూస్తోంది.

సంగతి చిదంబరానికి ముందురోజు సాయంత్రమే తెలుసు. బీబీనగర్ అవతల పల్లెలో మల్లవ్వ అక్క లక్ష్మీనర్సమ్మ మంచంపట్టి ఉంది. తల్లి పోయాక మల్లవ్వను చంకనేసుకుని పెంచింది ఆమే. నేడో రేపో అన్నట్టుందని, ఇంకా మాట తెలుస్తోందని, చెల్లె చేతి మలీద తింటానని అడుగుతోందని మేనల్లుడు ఫోను చేశాడు. సరిగ్గా అదే సాయంత్రం హబ్సిగూడ దాటాక వ్యాను ఇంజనులో టైమింగ్ బెల్టు తెగింది. నలుగురు పట్టి ఇంటిదాకా తోసుకొచ్చారు. కొట్టు మూసేలోపు ఐలయ్య కొత్త బెల్టయితే పట్టుకొచ్చాడు గానీ, ఎప్పుడూ చేసే మెకానిక్కు బంద్ కదా అని ఊరికి వెళ్లిపోయాడు. సందు చివర ట్రాలీ ఆటో అతన్ని అడిగితే, పగలు రోడ్డెక్కితే అద్దాలు మిగలవు, సాయంత్రం దాకా ఆగమన్నాడు. మోటారుసైకిలు మీద కూర్చుందామంటే మల్లవ్వ మోకాళ్లు వంగవు. ఇక మిగిలింది వ్యాను ఒక్కటే.

బెల్టు మార్చడం ఐలయ్య చూసి నేర్చుకున్నాడు. ఇంజను ముందు తిరిగే క్రాంకు పుల్లీని పట్టి ఉంచే నడిమి బోల్టు ఊడితే చాలు, తక్కినది తను చేసుకుంటాడు. ఆ బోల్టే ఊడటం లేదు. తెల్లవారినప్పటినుంచీ కిరసనాయిలు పోసి నానబెట్టి, బోల్టు తలమీద టోపీలా కూర్చునే గోటీ తొడిగి, దానికి కడ్డీ పెట్టి గుంజుతూనే ఉన్నాడు. గుంజినప్పుడు ఇంజను తిరిగిపోకుండా టాప్ గేరులో వేసి, వెనక చక్రాలకు ఇటుకలు పెట్టాడు. బ్రేకు తొక్కి పట్టడానికి పెళ్లాన్ని పిలిస్తే మల్లవ్వ ఒప్పుకోలేదు. ఎలాగూ కూర్చునే ఉంది కదా, తనే తొక్కుతానంది. నొప్పి కాళ్లు రెండూ కలిపి పెడల్ మీద పెట్టి, స్టీరింగు పట్టుకుని, పళ్లు బిగించి తొక్కుతోంది.

"అన్నా, జర నువ్వు జూడు. నాతోని అయితలేదు," అన్నాడు ఐలయ్య కిందినుంచే.

చిదంబరం లుంగీ పైకి కట్టుకున్నాడు. పైకి చెప్పలేదు గానీ ఆయనకు సంతోషమే అయింది. ఆ సంతోషానికి ఒక కారణం ఉంది.

మొన్నామధ్య సమ్మె చందాకని కొందరు కుర్రాళ్లు ఇంటికొచ్చారు. చిదంబరం వాకిట్లో బకెట్టు కడుగుతున్నాడు. అందులో ఒకడు నవ్వుతూ, "సారు, మీరు సామాన్లు ఎప్పుడు సదురుకుంటున్రు?" అన్నాడు. వాడు పరాచికానికే అన్నాడు. అయినా ఆ మాట ముల్లులా దిగింది. చిదంబరం కడిగిన బకెట్టునే మళ్లీ కడిగాడు. ఐలయ్య అక్కడే ఉన్నాడు. తన వాకిట్లో తన ఇంట్లో ఉన్నవాడిని అలా అనేశారని వాడి ముఖం నల్లబడింది. ఆ సాయంత్రం పాదున కాసిన సొరకాయ ఒకటి కోసుకొచ్చి సూర్యకళ చేతిలో పెట్టి వెళ్లాడు. అప్పటినుంచీ ఈ ఇంటికి పనికొచ్చే పని ఒకటి చెయ్యాలని చిదంబరం మనసులో ఉంది. సామాన్లు సర్దుకునే మనిషి కాదు, మనవాడే అని నలుగురి ముందూ అనిపించుకోవాలని ఉంది. ఇప్పుడు నలుగురూ ఉన్నారు. బంద్ రోజు కావడంతో సందులోని మగవాళ్లంతా గేటుకు చేరబడి, తోచిన సలహా ఇస్తున్నారు. అందులో ఒకరు రిటైరైన పంతులుగారు. కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నారు.

చిదంబరం వంగి వ్యాను కిందికి చూశాడు. ఐలయ్య కడ్డీని మామూలు బోల్టును ఊడదీసేవైపే గుంజుతున్నాడు.

"ఆగు ఐలయ్యా. అటు కాదు," అన్నాడు చిదంబరం. "అది ఉల్టా థ్రెడ్డు. నువ్వు ఊడదీస్తున్నాననుకుంటున్నావు, బిగిస్తున్నావు."

ఆ మాట ఆయన నోట ఎంత ఒడుపుగా వచ్చిందంటే, గేటు దగ్గరి కబుర్లు ఆగిపోయాయి.

ఒడుపుగా రాక ఏం చేస్తుంది? జీవితమంతా ఆయన చెప్పిన మాట అదొక్కటే. కంపెనీలో ఆయన నిలబడే గ్రైండరుకు రెండు పక్కలా రెండు రాళ్లు ఉంటాయి. కుడిరాయి మీద మనుషులు మారుతుంటారు. ఎడమరాయి మొదటినుంచీ చిదంబరానిదే. సూపర్‌వైజర్లకు ఆయన పేరు గుర్తుండదు. అందరూ 'లెఫ్ట్ అన్న' అంటారు. కుడిరాయిని పట్టి ఉంచేది అందరికీ తెలిసిన నట్టే. ఎడమరాయి నట్టు మాత్రం ఉల్టా. మామూలు నట్టు బిగించేవైపు తిప్పితే అది ఊడుతుంది. రాయి తిరిగే ఊపుకు నట్టు తనంత తానుగా వదులైపోకుండా, తిరిగేకొద్దీ బిగుసుకునేలా చేసిన ఏర్పాటు అది. కొత్తగా చేరిన ప్రతివాడూ అరిగిన రాయి మార్చబోయి ఆ నట్టుతో కుస్తీపడతాడు. అప్పుడు చిదంబరం తాపీగా వచ్చి, "ఆగు. ఎడమచక్రం ఉల్టా," అంటాడు. వాడు సిగ్గుపడి తప్పుకుంటాడు. చిదంబరం రెండు వేళ్లతో కడ్డీని ఇటు నెడితే నట్టు వచ్చేస్తుంది. జీతం పెరగకపోయినా, మేస్త్రీ కాలేకపోయినా, ఆ ఒక్క క్షణం మట్టుకు ఆయన మాటకు ఎదురుండదు. ఆ క్షణాలన్నీ పోగేస్తే ఆయన ఉద్యోగం మొత్తంలో గర్వపడదగ్గది ఒక పూట ఉంటుందేమో.

ఇక్కడా అదే లెక్క వేశాడాయన. ఇంజను తిరిగే దిక్కు చూశాడు. మామూలు బోల్టయితే ఆ ఊపుకు ఊడిపోవాలి కదా, ఊడటం లేదంటే ఉల్టా అయి తీరాలి. వినడానికి ఎంత సబబుగా ఉందో. పంతులుగారు కూడా తల ఊపి, అనుభవం అంటే అదీ అన్నారు.

ఐలయ్య వ్యాను కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. మోచేతితో ముఖం తుడుచుకున్నాడు. గేటు దగ్గరివాళ్లను ఒకసారి, చిదంబరాన్ని ఒకసారి చూశాడు.

"మెకానిక్కు గిటే తిప్పినట్టు యాదికుండె అన్నా..." అన్నాడు మెల్లగా.

"వాడు తిప్పిందేదో నువ్వు సరిగ్గా చూసుండవు. నేను రోజూ చేసే పని ఇది," అన్నాడు చిదంబరం. అని ఊరుకోకుండా, అందరికీ వినపడేలా నవ్వుతూ, వ్యాను తోలడం వేరు ఇనుముతో పని వేరు అని కూడా అన్నాడు. ఐలయ్య మెడ వెనక గోక్కుని, సరే అట్లనే కానీ అన్నాడు.

గోనెసంచి మీద చిదంబరం పడుకున్నాడు. గోటీని బోల్టు తలమీద సరిగ్గా కూర్చోబెట్టి, కడ్డీ చివర ఐలయ్య చేత పంపు తాలూకు పొడుగాటి ఇనుప పైపు తొడిగించాడు. పైపు ఎంత పొడుగుంటే అంత బలం. కొసను ఐలయ్య పట్టుకున్నాడు. చిదంబరం చెప్పినవైపే ఇద్దరూ కలిసి బలం వేశారు. కదల్లేదు. పైన మల్లవ్వ బ్రేకు మీద మరింత బలంగా తొక్కడం, సీటు కిర్రుమనడం కిందికి వినపడింది.

కాసేపటికి బోల్టు కొద్దిగా కదిలింది. అదిగో, వస్తోంది అన్నాడు చిదంబరం. నిజానికి అది రావడం లేదు, ఇంకా లోపలికి పోతోంది. చేతికి తెలిసే తేడా ఒకటుంటుంది. ఊడే బోల్టు కదిలాక తేలికవుతుంది, బిగిసే బోల్టు కదిలాక బరువెక్కుతుంది. బరువెక్కిన సంగతి ఆయన చేతులకు తెలిసింది. గేటు దగ్గర అంతమంది ఉన్నారన్నది కూడా తెలుసు. చేతులు చెప్పింది పక్కన పెట్టి, ఇంకొంచెం బలం వెయ్యమన్నాడు.

ఠంగుమని చప్పుడైంది. పైపు ఒక్కసారిగా వదులై ఐలయ్య వెనక్కి తూలాడు. గేటు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఊడిందా తమ్మీ?" అంది మల్లవ్వ పైనుంచి. ఆ గొంతులో ఎంత ఆశ ఉందంటే, చిదంబరం ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా ఆ రెండు మాటల్నీ మరిచిపోలేకపోయాడు.

గోటీ ఆయన గుండెల మీద పడి ఉంది. తీసి చూశాడు. దాని లోపల బోల్టు తల ఇరుక్కుని ఉంది. తలతోపాటు కొంచెం మెడ, మెడకు రెండు మూడు చుట్లు మరలూ ఉన్నాయి. తక్కిన బోల్టంతా ఇంజనులోనే విరిగిపోయింది. వ్యాను కింద చీకటిగానే ఉన్నా, ఒక పక్కనుంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో మరలు మెరుస్తున్నాయి. ఏ వైపుకు వాలి ఉన్నాయో చూడటానికి ఆయనకు కళ్లజోడు అక్కర్లేదు. మామూలు బోల్టు. ఊళ్లో ఏ కొట్టులో దొరికేదైనా ఇలాగే ఉంటుంది. సీదా.

ఐలయ్య తిప్పినవైపే అది ఊడాలి. తను రాకపోయి ఉంటే, ఆ పైపు ముందే తొడిగి ఉంటే, ఈపాటికి ఊడి కూడా ఉండేది.

సిగ్గు అంటే ఏమిటో చిదంబరానికి తెలియనిది కాదు. బాకీ చెప్పుకున్నప్పుడు, వినపడక తప్పు జవాబు చెప్పినప్పుడు, నలుగురూ నవ్వినప్పుడు పడ్డ సిగ్గులు ఉన్నాయి. ఇది అలాంటిది కాదు. చెవులు రెండూ భగ్గుమన్నాయి. బయటికి రావాలనిపించలేదు. ఆ ఇంజను కిందనే ఉండిపోతే బాగుండుననిపించింది.

గోటీని నేలకు కొట్టి బోల్టు తల బయటికి తీశాడు. తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ పని ఎందుకు చేశాడో ఆయనకు స్పష్టంగానే తెలుసు. ఐలయ్య చూడకూడదని చేశాడు. తర్వాత మెల్లగా పాక్కుంటూ వచ్చి, బోల్టు విరిగిందన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

తుప్పు పట్టి ఉంటుందన్నారు పంతులుగారు. ఈ కాలం ఇనుములో సరుకు లేదన్నాడు ఇంకొకాయన. బండి పాతదైపాయె, అన్న ఏం జేస్తడు అన్నాడు ఐలయ్య. ఆ మాట అంటున్నప్పుడు వాడు నేలవైపు చూస్తున్నాడు. ఎవరూ ఏమీ అడగకుండానే అందరూ ఆయన్ని తప్పించేశారు. చిదంబరం కాదనలేదు. ఒక్కమాట అంటే సరిపోయేది. ఆ ఒక్కమాట నాలుక చివరిదాకా వచ్చి, గేటు దగ్గరి ముఖాలను చూసి వెనక్కిపోయింది.

మల్లవ్వ సీట్లోంచి దిగలేదు. వేరే తొవ్వ ఏదన్నా ఉంటదా అని మాత్రం అడిగింది. ఉంటుందన్నాడు చిదంబరం. ఉండదని ఆయనకు తెలుసు. విరిగిన ముక్కను బయటికి లాగాలంటే దానికి కన్నం వేసే మిషను కావాలి, నాచారంలో గేట్లన్నీ తాళాలు వేసి ఉన్నాయి. అయినా ఉలి పెట్టి ఆ ముక్కను ఊడదీయబోయాడు. తట్టి తట్టి వేళ్ల చర్మం లేచిపోయింది. సూర్యకళ టిఫిను తెచ్చి పెట్టి, చల్లారిపోయాక తీసుకెళ్లింది. మళ్లీ అన్నానికి పిలిచింది. తర్వాత అన్నాడు. ఎవరూ చెయ్యమనని పని, దేనికీ పనికిరాని పని అంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. ఆ పని ఆగితే మల్లవ్వకు ఎదురుపడాలి.

ఎండ వాకిలి దాటి గోడ ఎక్కేవేళకు ఐలయ్య ఫోను మోగింది. వాడు ఆ పక్కకి వెళ్లి మాట్లాడాడు. ఎక్కువ మాట్లాడలేదు. ఆఁ, ఆఁ, ఎప్పుడు, అన్నాడంతే. తిరిగొచ్చి వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వాడు నోరు తెరవకముందే మల్లవ్వ బ్రేకు మీదినుంచి కాళ్లు తీసేసింది. ఎవరూ తొక్కమనకపోయినా అప్పటిదాకా ఆమె పాదాలు అక్కడే ఉన్నాయని చిదంబరం అప్పుడే గమనించాడు.

మల్లవ్వ గట్టిగా ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అక్క పేరు ఒకసారి పలికింది. కోడలు వచ్చి పట్టుకుని దింపితే, వాకిట్లో గచ్చు మీద కూలబడింది. సూర్యకళ వెళ్లి పక్కన కూర్చుని ఆమె వీపు నిమురుతూ తనే ఏడ్చింది.

చావు అనేసరికి అన్ని దారులూ తెరుచుకున్నాయి. పొద్దున రానన్న ట్రాలీ ఆటో అతనే అడక్కుండా బండి తెచ్చి గేటు ముందు పెట్టాడు. మొన్న చందాకు వచ్చిన కుర్రాడు, సామాన్ల మాట అన్నవాడే, మోటారుసైకిలు మీద ముందు నడిచి రోడ్డు మీద అడ్డాలు తీయిస్తానన్నాడు. పంతులుగారు తన కుర్చీ ఇచ్చారు, ట్రాలీలో మల్లవ్వ కూర్చోవడానికి.

బయల్దేరేముందు ఐలయ్య పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. చిదంబరం వెళ్లి పక్కన నిలబడ్డాడు. జేబులో ఉన్న బోల్టు తల తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఐలయ్యా. ఇది సీదా థ్రెడ్డే. నువ్వు తిప్పిందే రైటు."

ఐలయ్య సర్ఫు నురగలో చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"ఎరికే అన్నా."

తనకు సరిగ్గా వినపడలేదనుకున్నాడు చిదంబరం మొదట. ఎప్పుడు తెలిసిందని అడిగాడు.

"నువ్వు ఉల్టా అన్నప్పుడే. మెకానిక్కు తిప్పంగ దగ్గరుండి జూసిన గద." నురగ కడుక్కుని చేతులు కిందికి వేలాడేశాడు. "మొన్న మా వాకిట్ల నిన్ను గట్ల అన్నరు. ఇయ్యాల మల్ల నలుగురు నిలవడ్డరు. వాళ్ల ముంగట నేను గూడ నిన్ను కాదంటే, నువ్వు ఏమనుకుంటవో అనిపిచ్చింది. ఇనుము పని జేసినోడివి, నాదే తప్పేమో అని గూడ అనుకున్న."

వ్యాను తోలడం వేరు అని తను అన్న మాట ఇప్పుడు చిదంబరం చెవిలోనే మోగింది. ఇంత మసకబారిన చెవిలో ఆ ఒక్కమాటే అంత స్పష్టంగా ఎలా వినపడుతోందో. తన పరువు కోసం తను పంతం పట్టాడు, తన పరువు కోసమే వీడు నోరు మూసుకున్నాడు. ఇద్దరి మర్యాద మధ్యా ఒక ముసలామె తన అక్కను చూసుకోలేకపోయింది. మల్లవ్వకు చెప్పి ఆమె కాళ్లమీద పడతానన్నాడు చిదంబరం.

"వద్దన్నా. అమ్మకు జెప్పకు." ఐలయ్య మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు జెప్తే, నాకు ఎరికైన సంగతి గూడ నేను జెప్పాలె."

ఐలయ్య తువ్వాలు ఆయన వైపు చాపాడు. ఇద్దరూ ఒకే తువ్వాలుకు చేతులు తుడుచుకున్నారు.

మల్లవ్వను ట్రాలీలోకి ఎక్కించడానికి చిదంబరమూ ఒక చెయ్యి వేశాడు. ఆమె బరువు భుజం మీద పడినప్పుడు ఆయన కళ్లు మూసుకున్నాడు. కుర్చీలో కుదురుకున్నాక ఆమె ఒళ్లోని గుడ్డసంచి విప్పి, లోపలి స్టీలు డబ్బా బయటికి తీసింది. పొద్దునే లేచి రొట్టెలు కాల్చి, బెల్లం, నెయ్యి వేసి నలిపి చేసిన మలీద అందులో ఉంది. పళ్లులేని నోటికి మెత్తగా ఉండాలని ఇంకొంచెం నెయ్యి వేశానని కోడలితో ఉదయమే చెప్పింది. ఆ డబ్బా అక్కదే. పోయిన బతుకమ్మ పండక్కి పేలపిండితో వచ్చింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపరు కాబట్టి, ఏదన్నా చేసి నింపి ఇద్దామని ఏడాదిగా అట్టేపెట్టుకుంది.

"సావింటికి తీపి తీస్కపోరు తమ్మీ," అంటూ డబ్బా ఆయన చేతుల్లో పెట్టింది. "నువ్వు తిను. పొద్దట్నించి నా కోసం మట్టిల పన్నవ్, ఎంగిలి గూడ పడకపోతివి. నీ అసోంటోడు పక్కకుండుడు నా అదృష్టం."

చిదంబరం ఐలయ్య వైపు చూశాడు. ఐలయ్య ట్రాలీ తలుపు గొళ్లెం పెట్టడంలో మునిగిపోయాడు, ఆ గొళ్లెం ఎంతకీ పడటం లేదు. బండి కదిలింది. ముందు ఆ కుర్రాడి మోటారుసైకిలు హారను కొట్టుకుంటూ పోయింది. సందు మలుపు తిరిగేదాకా మల్లవ్వ ఆకుపచ్చ కొంగు కనపడింది.

సూర్యకళ ఇంటి తాళాలు చూసుకోవడానికి ముందువాటాలోకి వెళ్లింది. వాకిట్లో వ్యాను ఒక్కటే జాకీ మీద మూతి ఎత్తుకుని నిలబడి ఉంది. చిదంబరం డబ్బా పట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆకలి వేస్తోంది. ఆకలి వేస్తున్నందుకు కూడా సిగ్గేసింది. పొద్దున తను కూర్చున్న మెట్టు దగ్గరికి వెళ్లి, డబ్బా దాని మీద పెట్టి, జేబులోని బోల్టు తల తీసి పక్కన పెట్టబోయి, ఆ రెండూ పక్కపక్కన ఉండకూడదనిపించి, మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

సూర్యకళ తిరిగొచ్చి మలీద పళ్లెంలో పెట్టనా అని అడిగింది. ఆయనకు వినపడింది. వినపడనట్టు ఊరుకున్నాడు.

మూత తియ్యని ఆ డబ్బా మెట్టు మీదే ఉంది. నెయ్యి అంటిన మూత మీద, ఎప్పుడో సంతలో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు, 'లక్ష్మీనర్సమ్మ' అని, సాయంత్రపు ఎండకి ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.